మిషన్ ట్రైనింగా, సర్కారు ట్రైనింగా?

మా అన్నయ్య కూతురికి టీచర్ ట్రైనింగ్ ప్రవేశపరీక్ష డీఈఈసెట్‌లో ర్యాంకు వచ్చింది. వెబ్ ఆప్షన్లు ఫ్రీజ్ చెయ్యడానికి ఇక ఒక్క రాత్రే గడువు. సర్కారు శిక్షణ కాలేజీ బోయపాలెం డైట్ ముందు పెట్టాలా, ఇంటికి దగ్గర్లోని క్రైస్తవ యాజమాన్యపు కాలేజీ ముందు పెట్టాలా అన్నది తేలక ఇల్లంతా జాగారం చేస్తోంది. అన్నయ్య సర్కారు కాలేజీయే అంటాడు. మా అమ్మది మిషన్ మాట. 1961లో ఆవిడ హయ్యర్ గ్రేడ్ ట్రైనింగ్ చేసింది మిషన్ ట్రైనింగ్ స్కూల్లోనే. మేం క్రైస్తవులం కాదు. ఆడపిల్లను వదలడానికి నమ్మకమైన హాస్టల్ తాతయ్యకు అక్కడే కనిపించింది. అమ్మ పొద్దున అక్కడ ప్రార్థనలో నిలబడేది, సెలవులకు ఇంటికొస్తే తులసికోట దగ్గర దీపం పెట్టేది. అందరి ముందూ పాఠం చెప్పి తప్పొప్పులు చెప్పించుకునే క్రిటిసిజం లెసన్ రోజున నల్లబల్ల మీద రాత వంకరపోతే టీచరమ్మ మొత్తం చెరిపించి మళ్లీ రాయించేదట. ఇవాళ్టికీ మా ఇంట్లో పాలవాడి లెక్క కూడా ముత్యాల్లాంటి అక్షరాల్లో ఉంటుంది.

"నువ్వు చెప్పు బాబాయ్" అంది పిల్ల.

నా బల్లమీద అప్పుడు థామస్ మన్రో ఉన్నాడు. మద్రాసు గవర్నరుగా చదువుల మీద ఆయన 1826 మార్చి 10న రాసిన మినిట్‌కు 2026తో రెండు వందల ఏళ్లు నిండాయి. కలెక్టర్ల చేత లెక్క తీయిస్తే మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తంలో 12,498 బడులు తేలాయి. అంటే సుమారు వెయ్యిమందికొకటి. బడులున్నాయి గానీ పంతుళ్లకు తగిన తర్ఫీదూ, బతకడానికి చాలినంత జీతమూ లేవని మన్రో గ్రహించాడు. ఒక్కో కలెక్టరేటు నుంచి ఇద్దరిని, ఒక హిందువునీ ఒక ముస్లిమునూ, మద్రాసు పిలిపించి నేర్పించాలన్నాడు. కలెక్టరేటు బడి పంతులుకు నెలకు 15 రూపాయలు, తాసిల్దారీ బడి పంతులుకు 9 రూపాయలు అని జీతాలు కూడా కట్టాడు. ఆ పథకంలో ఆడవాళ్ల ఊసు లేదు, ఊరి చివరి వాడల ఊసు లేదు. మరుసటి ఏడు జులైలో ఆయన పత్తికొండ దగ్గర కలరాతో పోయాడు. పథకం కూడా ఎక్కువ కాలం బతకలేదు.

తర్వాతి ముప్పై ఏళ్లలో చదువుల భారం చాలావరకు మిషన్ల చేతుల్లోకి పోయింది. 1843లో బందరులో రాబర్ట్ నోబుల్ బడి తెరిచాడు. 1852లో ఇద్దరు విద్యార్థులు మతం మారేసరికి తల్లిదండ్రులు పిల్లల్ని లాక్కుపోయారు, బడి ఖాళీ అయింది. మిషన్ బడి అంటే మన ఇళ్లలో ఆ నాటి గుబులు చాలాకాలం ఉండిపోయింది. 1854లో వుడ్ తాఖీదు వచ్చి సర్కారు చదువుల్లో మతం ఉండరాదంది, మిషన్ బడులకు కూడా గ్రాంటు ఇవ్వవచ్చంది, పంతుళ్లకు నార్మల్ స్కూళ్లు పెట్టమంది. 1856లో మద్రాసులో సర్కారు నార్మల్ స్కూలు వెలిసింది. సైదాపేట కాలేజీగా పేరుపడింది అదే. వేలూరు వూరీస్ కాలేజీలోనూ, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలోనూ చదివిన సర్వేపల్లి రాధాకృష్ణన్ పాఠం చెప్పడం నేర్చుకున్నది ఆ సర్కారు సైదాపేటలోనే. అక్కడ కొంత, ఇక్కడ కొంత నేర్చుకోవడం ఆ తరానికి మామూలు విషయం.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. మిషనా, సర్కారా అని తీరుబడిగా ఎంచుకోగలిగింది అగ్రహారాల పిల్లలు. 1878 జులై 3న ఒంగోలు బాప్టిస్టు మిషన్ వాళ్లు ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. ఆ పల్లెలకు అక్షరం తెచ్చినవాడు మిషన్ తర్ఫీదు పొందిన పంతులు. సర్కారు బడి తలుపు తీసి ఉన్నా ఊరు ఆ పిల్లల్ని గడప దాటనివ్వని రోజులవి. వాళ్లకు ఆప్షన్ రెండు లేదు.

ఇక నేను ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరని కథ రాజమండ్రిది. అక్కడి సర్కారు ట్రైనింగ్ కాలేజీ 1894లో పుట్టింది. సైదాపేట దాకా పోకుండా గోదావరి ఒడ్డునే టీచర్ ట్రైనింగ్ పట్టా ఎల్.టి. చేసే వీలు తెలుగువాళ్లకు అప్పుడే కలిగింది. 1907 వసంతానికి అక్కడ చదువుతున్నవాళ్లలో గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఒకరు. కర్నూలువాడు, అప్పటికే ఎం.ఏ., వయసు ఇరవైమూడు. ఇంకొన్నాళ్లు ఒద్దికగా గడిపితే చేతికి సర్టిఫికెట్, వెనకే సర్కారు కొలువు, నెల తిరిగేసరికి జీతం.

ఆ ఏప్రిల్లో బిపిన్ చంద్ర పాల్ వచ్చాడు. బెంగాల్ విభజన రగిల్చిన వందేమాతరాన్ని వెంటబెట్టుకుని తీరాంధ్ర పట్టణాలన్నీ చుడుతున్నాడు. తోడుగా ముట్నూరి కృష్ణారావు. రాజమండ్రిలో పాల్ ఇంగ్లిషులో గర్జిస్తే, చూపు మందగించిన చిలకమర్తి లక్ష్మీనరసింహం పక్కన నిలబడి ఆ గర్జనను తెలుగు చేశారు. దేశాన్ని పాడియావుగా, దొరలను దాని పాలు పిండుకునేవాళ్లుగా చూపిన చిలకమర్తి పద్యం ఆ సభల్లో పుట్టి ఆంధ్రమంతా పాకింది. ఆ సభలు జరిగిన చోటును ఊరు పాల్ చౌక్ అని పిలుచుకుంది. నేను రాజమండ్రి వెళ్లిన ప్రతిసారీ అక్కడ కాసేపు ఆగుతాను. బస్సుల హోరులో నిలబడి ఆ సాయంత్రాలను ఊహించుకుంటాను.

విద్యార్థులు చొక్కాలకు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని తరగతులకు వచ్చారు. ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ సహించలేదు. బ్యాడ్జీలు కూడదన్నాడు, ఉపన్యాసాలకు వెళ్లకూడదన్నాడు. పిల్లలు వినలేదు. శిక్షలు పడ్డాయి. హరిసర్వోత్తమరావును ట్రైనింగ్ కాలేజీ నుంచి వెళ్లగొట్టారు, సర్కారు కొలువుకు తగడని ముద్ర వేశారు. మతం అంటుతుందన్న భయంతో మిషన్‌కు దూరంగా ఉన్న ఇళ్లవాళ్లు సర్కారు కాలేజీని సురక్షితమనుకున్నారు. ఏ దేవుడికి మొక్కినా అక్కడ అడిగేవారు లేరు, నిజమే. దేశానికి మొక్కిన కుర్రవాణ్ణి మాత్రం బతకనివ్వలేదు.

ఆయన బెజవాడ చేరి 'స్వరాజ్య' పత్రిక నడిపాడు. 1908లో తిరునెల్వేలి కాల్పుల మీద రాసినందుకు మూడేళ్ల జైలు. బయటికొచ్చాక గ్రంథాలయోద్యమం, వయోజన విద్య. బల్ల ముందు కూర్చునే పిల్లలను సర్కారు ఆయనకు దక్కనివ్వకపోతే, బడి ఈడు దాటినవాళ్లను, బడి ముఖమే చూడనివాళ్లను వెతుక్కుంటూ వెళ్లాడు. రాజమండ్రిలో జాతీయ పాఠశాల లేచింది. 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల వచ్చింది, అదీ నోబుల్ దొర బడి పెట్టిన బందరులోనే. మిషనూ కాదు, సర్కారూ కాదు, మన చదువు మనదే అన్న మూడో దారి అది.

రెండు కప్పుల కిందా పనిచేసిన మనిషి గుర్రం జాషువా. మిషన్ బడిలో నెలకు మూడు రూపాయల పంతులుగా మొదలై, గుంటూరులో లూథరన్ వాళ్ల ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్లు పాఠాలు చెప్పి, 1928 నుంచి సర్కారు తెలుగు పండితుడయ్యాడు. పురాణాల మీద పద్యాలేమిటని క్రైస్తవులు కోప్పడ్డారు, కులం అడిగి సవర్ణులు దూరం జరిగారు. ఆయన దగ్గర పాఠం చెప్పడం నేర్చుకున్న పల్లె పంతుళ్లను తలుచుకుంటే నాకు అసూయ కలుగుతుంది.

ఈ కాలానికొచ్చేసరికి కథ చెయ్యి జారిపోతుంది. 1986 విద్యావిధానంతో జిల్లాకో డైట్ వచ్చింది. టీటీసీ డీఎడ్ అయింది, డీఎడ్ డీఈఎల్‌ఈడీ అయింది. 1993 చట్టంతో ఎన్‌సీటీఈ వచ్చాక మిషన్ కాలేజీకైనా సర్కారు కాలేజీకైనా నిబంధనలు ఒక్కటే. మైనారిటీ సంస్థలకు రాజ్యాంగం 30వ అధికరణం ఇచ్చిన హక్కులు అలాగే ఉన్నాయి. ఈ రెంటినీ మించి ప్రైవేటు బీఎడ్ కాలేజీలు పుట్టుకొచ్చాయి, వాటిలో అయ్యవార్లు ఎందరో, హాజరు ఎంతో చూసినవాళ్లకే తెలుసు. ప్రాథమిక బడికి బీఎడ్ చెల్లదని 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు చెప్పాక డీఈఎల్‌ఈడీకి మళ్లీ గిరాకీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 మెగా డీఎస్సీ 16,347 పోస్టులనగానే ఇంటింటా ఇదే చర్చ. అందులో దేవుడి ప్రస్తావన రావడం నేను వినలేదు. సీటు, ఫీజు, బస్సు, అంతే.

నేను డైట్ ముందు పెట్టమన్నాను. ఒకప్పుడు ఊరు గడప దాటనివ్వని వాడల పిల్లలు ఇవాళ అక్కడ హక్కుగా కూర్చుంటున్నారు, వాళ్ల పక్కన కూర్చుని నేర్చుకోమన్నాను. ఆ తలుపు మొదట తట్టింది మిషన్ వాళ్లేనని అమ్మ గుర్తు చేసింది. కాదనలేదు.

పిల్ల అన్నీ విని ఒక్కటే అడిగింది. "ప్రాక్టీసుకు ఏ బళ్లకు పంపిస్తారు బాబాయ్, అక్కడ ఒకటో తరగతి ఉంటుందా?"

అంత రాత్రివేళ ఇద్దరు పాత విద్యార్థులకు ఫోను చేసి కనుక్కున్నాం. రెండుచోట్లా ఉందన్నారు. పదకొండు దాటాక బోయపాలెం మొదట, మిషన్ కాలేజీ రెండోది పెట్టి ఫ్రీజ్ నొక్కింది. అమ్మ లోపలికి వెళ్లి, ట్రంకుపెట్టె అడుగు నుంచి తన ట్రైనింగ్ నాటి చేతిరాత పుస్తకం తెచ్చి మనవరాలి ఒళ్లో పెట్టింది.

"రేపటి నుంచి రోజుకో పేజీ" అంది.