డర్ట్ బైక్ ముందు సస్పెన్షన్: బరువైన రైడరుకు సర్దుబాటు, దాని చరిత్ర

డర్ట్ బైకు ముందు ఫోర్కులోని స్ప్రింగు, ఆయిల్, డ్యాంపింగ్‌లను నడిపే మనిషి బరువుకు తగ్గట్టు మార్చుకోవడాన్ని ముందు సస్పెన్షన్ సర్దుబాటు అంటారు. మోటోక్రాస్, ఎండ్యూరో బైకులను కంపెనీలు సాధారణంగా 75 కిలోలకు అటూ ఇటూగా ఉండే రైడరును దృష్టిలో పెట్టుకుని సిద్ధం చేస్తాయి. 110 కిలోల బైకుపై 75 కిలోల మనిషికి బదులు 95 కిలోల మనిషి ఎక్కితే మొత్తం బరువు 185 నుంచి 205 కిలోలకు, అంటే దాదాపు 11 శాతం పెరుగుతుంది. వెయ్యి కిలోల కారులో అదే 20 కిలోలు 2 శాతం మాత్రమే. అందుకే కారు పట్టించుకోని తేడా డర్ట్ బైకు నడకనే మార్చేస్తుంది. ఈ అదనపు భారాన్ని మోయాల్సింది స్ప్రింగు. ఆయిల్, డ్యాంపింగ్‌ల పని ఆ స్ప్రింగు కదలికను అదుపు చేయడం. ఇది వినడానికి తేలికే అయినా, స్ప్రింగు మార్చకుండా పని కానిచ్చే దారుల కోసం వెతకడంతోనే ఈ రంగంలో చాలా కాలం గడిచింది.

తొలి దశ

పాత గర్డర్ ఫోర్కుల స్థానంలో, ఆయిల్‌తో డ్యాంపింగ్ చేసే టెలిస్కోపిక్ ఫోర్కును మార్కెట్లోకి వచ్చే బైకులకు తొలిసారి అమర్చింది జర్మనీకి చెందిన బిఎండబ్ల్యూ. 1935 నాటి ఆర్12, ఆర్17 మోడళ్లతో ఇది మొదలైంది. మట్టి పందేల్లో మాత్రం ఈ ఫోర్కు వెంటనే పైచేయి సాధించలేదు. 1960, 1961లలో యూరోపియన్ 250 సిసి మోటోక్రాస్ టైటిల్ గెలిచిన డేవ్ బికర్స్ నడిపిన గ్రీవ్స్ బైకుకు ఉన్నది టెలిస్కోపిక్ కాదు, లీడింగ్ లింక్ ఫోర్కు. ఇటలీలో తయారైన చెరియాని వంటి ఫోర్కుల రాకతో టెలిస్కోపిక్ పద్ధతి అక్కడా స్థిరపడింది. అప్పటి ఫోర్కుల ట్రావెల్, అంటే అవి లోపలికి దిగగల దూరం, సుమారు 150 నుంచి 180 మిల్లీమీటర్లు. అంత తక్కువ దూరంలో దెబ్బను ఆపాలంటే స్ప్రింగులు గట్టిగా ఉండక తప్పదు. స్ప్రింగు గట్టిదైతే పదీ ఇరవై కిలోల తేడాకు కుంగేది కొద్దిగానే. అందువల్ల రైడరు బరువు అప్పట్లో అంత పెద్ద సమస్యగా కనబడలేదు.

1973లో హాకన్ ఆండర్సన్ యమహా మోనోషాక్ బైకుపై 250 సిసి ప్రపంచ టైటిల్ గెలవడంతో ఈ లెక్క మారింది. మోనోషాక్ పద్ధతితో వెనక చక్రం ట్రావెల్ పెరగడంతో ముందు ఫోర్కు కూడా దానితో పాటు పొడవు కావలసి వచ్చింది. 1980ల ఆరంభానికి ట్రావెల్ 300 మిల్లీమీటర్లకు చేరింది. ట్రావెల్ పెరిగే కొద్దీ స్ప్రింగులు మెత్తబడ్డాయి, మెత్తటి స్ప్రింగుపై ప్రతి కిలో ప్రభావమూ ఎక్కువైంది. రైడరు బరువును బట్టి స్ప్రింగు ఎంచుకోవలసిన అవసరం బైకులు మెరుగుపడ్డందువల్లే పుట్టిందన్నమాట.

ఆయిల్, స్పేసర్లు, ఆయిల్ మట్టం

ఆ కాలపు ఫోర్కుల్లో ఆయిల్ ఒక రాడ్డుకున్న రంధ్రాల గుండా దూరిపోతూ కదలికను నెమ్మది చేసేది. బరువైన రైడర్లు ముందుగా ఎంచుకున్న దారి చిక్కటి ఆయిల్ పోయడం. రంధ్రాల వల్ల పుట్టే నిరోధం వేగపు వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. అందువల్ల నెమ్మదిగా బ్రేకు వేసినప్పుడు ఫోర్కు ఎప్పటిలాగే కుంగిపోయేది, రాయి తగిలినప్పుడు మాత్రం బిగుసుకుని ఆ దెబ్బను చేతులకు చేరవేసేది. పైగా ఆయిల్ చిక్కబడితే ఫోర్కు దిగడమే కాదు, తిరిగి లేవడమూ మందగిస్తుంది. వరస గుంతల్లో అది పూర్తిగా లేచేలోపే మరో దెబ్బ పడి, అంతకంతకూ కిందికి దిగిపోతుంది.

రెండో దారి ప్రీలోడ్. స్ప్రింగుపైన స్పేసర్, చాలాసార్లు పివిసి గొట్టం ముక్క, పెట్టి దాన్ని ముందే నొక్కి ఉంచేవారు. బైకు ఎత్తు దీనితో సరిపోతుంది గానీ స్ప్రింగు గట్టిదనం మారదు. ఒక్కో కాలులో 4.2 న్యూటన్/మి.మీ. స్ప్రింగు ఉంటే, 300 మిల్లీమీటర్లు దిగేసరికి రెండూ కలిసి 2,520 న్యూటన్ల బలంతో ఎదురు నిలుస్తాయి. 10 మిల్లీమీటర్ల స్పేసర్ దానికి చేర్చేది 84 న్యూటన్లు. 4.6 స్ప్రింగు వేస్తే 240 న్యూటన్లు చేరతాయి. స్పేసర్‌నే పెంచుకుంటూ పోతే ఫోర్కు ఎప్పుడూ పైకి తన్ని ఉంటుంది. గుంతలోకి దిగాల్సిన చక్రం నేలను వదిలేస్తుంది.

మూడోది ఫోర్కులో ఆయిల్ మట్టం పెంచడం. ఆయిల్ పైన మిగిలే గాలి తగ్గి, ఫోర్కు చివరిదాకా దిగే వేళ ఆ గాలే అదనపు స్ప్రింగుగా నిలుస్తుంది. దూకి దిగినప్పుడు ఫోర్కు అడుగుకు కొట్టుకోకుండా ఇది కాపాడుతుంది. ట్రావెల్ మొదటి సగంలో మాత్రం దీని ప్రభావం అంతంతే. బైకు ముందు భాగం ఉండవలసిన ఎత్తులో ఉండటం, మలుపులో చక్రానికి పట్టు దొరకడం తేలేది అక్కడే.

కార్ట్రిడ్జ్ నుంచి గాలి ఫోర్కు వరకు

1986 హోండా సిఆర్ 250ఆర్ వంటి బైకులతో కార్ట్రిడ్జ్ ఫోర్కులు వచ్చాయి. రంధ్రాల స్థానాన్ని షిమ్ములనే వంగే పలుచటి బిళ్లల వాల్వులు తీసుకున్నాయి. బైటినుంచి తిప్పే క్లిక్కర్లతో దిగే వేగాన్ని (కంప్రెషన్), లేచే వేగాన్ని (రీబౌండ్) వేర్వేరుగా సర్దుకునే వీలు కలిగింది. రైడర్ల చేతికి ఇంత సులభమైన సాధనం అంతకు ముందు అందలేదు. బరువు సమస్యను కూడా క్లిక్కర్లతో తీర్చుకోవచ్చన్న భ్రమ దానితోనే బలపడింది. అయితే డ్యాంపింగ్ బలం కదలిక ఉన్నంతసేపే ఉంటుంది. నిలిచిన బైకుపై కూర్చున్న మనిషిని అది ఒక్క గ్రాము కూడా మోయదు.

2013లో హోండా సిఆర్ఎఫ్ 450ఆర్, కవాసాకి కెఎక్స్ 450ఎఫ్‌లపై కయాబా తయారుచేసిన గాలి ఫోర్కులు వచ్చాయి. వీటిలో ఉక్కు స్ప్రింగు లేదు, దాని పని చేసేది గాలే. పంపుతో ఒత్తిడి పెంచితే నిజంగానే స్ప్రింగు గట్టిపడుతుంది. బరువైన రైడరుకు ఇంతకంటే ఏం కావాలన్నది న్యాయమైన ప్రశ్నే. అయితే గాలి వేడికి వ్యాకోచిస్తుంది. 20 డిగ్రీల చల్లదనంలో 10 బార్లకు సర్దిన ఫోర్కు 40 డిగ్రీలకు చేరితే ఒత్తిడి సుమారు 10.7 బార్లవుతుంది. సీళ్ల రాపిడి చిన్న గతుకులను మింగనివ్వదు. హోండా 2017లో, కవాసాకి 2019లో తమ 450 సిసి బైకులపై తిరిగి ఉక్కు స్ప్రింగులకు మళ్లాయి. యమహా అసలు స్ప్రింగులను వదలనే లేదు. కెటిఎం మాత్రం మోటోక్రాస్ బైకుల్లో డబ్ల్యూపీ గాలి ఫోర్కును కొనసాగించింది. తేలికదనం, బరువును బట్టి వెంటనే సర్దుకునే వీలు దాని బలాలు. ఈ రెండు దారులూ ఒక విషయంలో ఏకీభవిస్తాయి. ఉక్కుతో అయినా, గాలితో అయినా మార్చాల్సింది స్ప్రింగు గట్టిదనాన్నే.

అభ్యంతరాలు

బరువు కంటే వేగం ముఖ్యమన్నది తరచు వినిపించే వాదన. 95 కిలోల మనిషి నెమ్మదిగా అడవి బాటలో తిరుగుతుంటే, 70 కిలోల పోటీ రైడరు ఫోర్కుపై వేసే దెబ్బ పెద్దదే. ఇందులో నిజముంది. కాకపోతే వేగం చేసే పనీ, బరువు చేసే పనీ వేరు. వేగం ఫోర్కును ఎంత త్వరగా, ఎంత లోతుకు నెడుతుందో దానికి జవాబు డ్యాంపింగ్‌లో, ఆయిల్ మట్టంలో ఉంది. బరువు ఇంజను ఆపి ఉన్నా పనిచేస్తూనే ఉంటుంది. నెమ్మదిగా నడిపే బరువైన రైడరు తన బరువుకు తగిన స్ప్రింగు వేసుకుని కంప్రెషన్ క్లిక్కర్లను వదులు చేసుకుంటే మెత్తదనమూ దొరుకుతుంది, ఎత్తూ నిలుస్తుంది. మెత్తటి స్ప్రింగు వేసి క్లిక్కర్లు బిగిస్తే రెండూ పోతాయి.

అదనపు బరువులో ఎక్కువ భాగం వెనక చక్రంపైనే పడుతుంది కదా, ముందు స్ప్రింగు ఎందుకు మార్చాలన్నది రెండో అభ్యంతరం. కూర్చున్నప్పుడు అది నిజమే. అందుకే రైడరు ఎక్కినప్పుడు వెనక భాగం కుంగే దూరాన్ని ముందుగా సరిచేసుకోవాలి. పెద్ద బైకుల్లో అది 100 మిల్లీమీటర్ల చుట్టూ, ట్రావెల్‌లో మూడో వంతు దగ్గర ఉంటుంది. కానీ డర్ట్ బైకుపై చాలాసేపు నిలబడే నడుపుతారు. బ్రేకు వేసినప్పుడు, దిబ్బ దిగేటప్పుడు భారం ముందుకు వాలుతుంది. వెనక ఒక్కటే గట్టిపడితే ముందు భాగం వాలిపోయి, హ్యాండిల్ తొందరపాటుతో తిరుగుతుంది.

నేటి పద్ధతి

కెటిఎం ఎండ్యూరో మాన్యువళ్లు స్ప్రింగులను రైడరు బరువు ప్రకారం పట్టికలో ఇస్తాయి, ఉదాహరణకు కొన్ని మోడళ్లలో 65–75 కిలోలకు 4.0, 75–85 కిలోలకు 4.2, 85–95 కిలోలకు 4.4 న్యూటన్/మి.మీ. అడుగడుగుకూ తేడా సుమారు 5 శాతం. 10 కిలోలు బైకుతో కలిసిన మొత్తం బరువులో చేర్చేదీ దాదాపు అంతే. క్లిక్కర్లకు మాత్రం అవే మాన్యువళ్లు బరువును లెక్కలోకి తీసుకోవు. కంఫర్ట్, స్టాండర్డ్, స్పోర్ట్ అని నడిపే తీరును బట్టి విభజిస్తాయి. స్ప్రింగు గట్టిపడితే అది వెనక్కి తన్నే బలమూ పెరుగుతుంది కాబట్టి రీబౌండ్‌ను కొద్దిగా బిగించడం ఒక్కటే మినహాయింపు. భారతదేశంలో 2020లో హీరో ఎక్స్‌పల్స్ 200కు వచ్చిన ర్యాలీ కిట్ ముందు ట్రావెల్‌ను 190 నుంచి 250 మిల్లీమీటర్లకు పెంచి, సర్దుకోగల ఫోర్కును ఇక్కడి రైడర్లకు అందుబాటులోకి తెచ్చింది. ఆ ఫోర్కుకైనా ఇదే వరస: బరువుకు స్ప్రింగు, ఎత్తుకు ప్రీలోడ్, పెద్ద దెబ్బలకు ఆయిల్ మట్టం, నడిపే తీరుకు క్లిక్కర్లు. ఈ వరసను తలకిందులు చేస్తే మొదటి మెట్టులో మిగిలిన లోటును తర్వాతి మెట్లు దాచగలవే గానీ తీర్చలేవు.