మాచర్లలో పిల్లల ఖర్చు: సాయం ఎక్కడ అందుతుంది, ఎక్కడ ఆగుతుంది

ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో తొలగించింది. జననాలు తగ్గిపోవడమే కారణం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం రాష్ట్రంలో ఒక్కో మహిళకు సగటున 1.7 మంది పిల్లలే. జనాభా నిలబడాలంటే 2.1 కావాలి. దేశంలోని ముస్లిం కుటుంబాల్లోనూ ఈ సగటు 1992-93లో 4.4 ఉండగా, 2019-21 నాటికి 2.36కు దిగింది.

ఆదాయం ఎలా వస్తుంది?

నాపరాళ్ల క్వారీలు, పాలిష్ యూనిట్లు, మిర్చి, పత్తి చేలు, మెకానిక్ షెడ్లు, తోపుడు బండ్లు. మాచర్లలో చాలా ఇళ్లు నడిచేది వీటి మీదే. పని దొరికిన రోజే కూలి. స్కూలు ఫీజు, పుస్తకాలు, యూనిఫాం మాత్రం జూన్‌లో ఒక్కసారిగా మీద పడతాయి. కౌలు రైతు విత్తనాలు, ఎరువులు కొనేదీ అప్పుడే. రెండో బిడ్డ గురించి మాట వచ్చినప్పుడు భార్యాభర్తలు వేసుకునే లెక్క ఇదే.

కాన్పు

ప్రభుత్వాసుపత్రిలో కాన్పు ఉచితం. ప్రైవేటులో, అందులోనూ ఆపరేషన్ అయితే, అప్పు తప్పదు. అదే సర్వేలో రాష్ట్రంలోని కాన్పుల్లో 42 శాతం సిజేరియన్లే. ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద అర్హులైన తల్లికి మొదటి కాన్పుకు రూ.5,000 వస్తుంది. రెండో కాన్పులో ఆడపిల్ల పుడితేనే రూ.6,000.

ఆరేళ్ల లోపు

అంగన్‌వాడీలో పౌష్టికాహారం, ఆటపాటలతో చదువు ఉచితం. ఇంగ్లీషు మీడియం కోసం ఎల్‌కేజీ, యూకేజీకి ప్రైవేటుకు పంపితే ఆ ఫీజంతా తల్లిదండ్రులదే. తల్లి కూలికి వెళ్లలేని రోజులూ ఇవే. ఖర్చు పెరిగే సమయంలోనే ఇంట్లో ఒక సంపాదన ఆగిపోతుంది.

ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా

2020లో మొదలైన అమ్మ ఒడి తల్లికి ఒక్క బిడ్డ లెక్కనే వచ్చేది. 2025 జూన్‌లో మొదలైన తల్లికి వందనం ఇంట్లో చదివే ప్రతి బిడ్డకూ వర్తిస్తుంది. మొత్తం రూ.15,000లో తల్లి ఖాతాకు చేరేది రూ.13,000. మిగతా రూ.2,000 స్కూలు నిర్వహణకు పోతుంది. పిల్లల హాజరు 75 శాతం ఉండాలి, తల్లి ఖాతాకు ఆధార్ లింకు కావాలి.

ఈ సాయంతో బడి వయసు పిల్లలున్న ఇంటికి కొంత ఊరట. బిడ్డను కనాలా వద్దా అన్న నిర్ణయం మాత్రం అంతకన్నా ఆరేళ్ల ముందే జరిగిపోతుంది. ఆ ఆరేళ్లకు సాయం పెరగనిదే, ఇంకొకరిని కనండి అన్న పిలుపు రోజు కూలీ ఇంట్లో చెవికెక్కదు.