మోటార్‌హోమ్ ఎయిర్ బ్యాగుల్లో గాలి లీకు

మోటార్‌హోమ్ బరువును కమాన్ కట్టలకు బదులు గాలితో మోసే రబ్బరు తిత్తులను ఎయిర్ బ్యాగులు అంటారు. ప్రమాదం జరిగినప్పుడు స్టీరింగులోంచి విచ్చుకునే ఎయిర్ బ్యాగులతో వీటికి సంబంధం లేదు. తిత్తికి గాలి చేరవేసే దారిలో ఎక్కడ లీకు ఉన్నా బండి సాధారణంగా ఆ మూలకు కుంగుతుంది. కుంగిన మూలనున్న తిత్తినే దోషిగా ఎంచి మార్చేయడం వాడుకలో ఉన్నా, లోపం జాయింటులోనో వాల్వులోనో బయటపడే సందర్భాలే ఎక్కువని మరమ్మతు అనుభవం చెబుతుంది.

చరిత్ర

గాలి స్ప్రింగు ఎవరి సృష్టి అన్న విషయంలో ఏకాభిప్రాయం లేదు. అమెరికాలో విలియం హంఫ్రీస్‌కు 1901లో దక్కిన పేటెంటును కొందరు తొలి మెట్టుగా చూపుతారు. మరికొందరు 1930లలో ఫైర్‌స్టోన్ కంపెనీ రూపొందించిన బెలోతో, అంటే మడతల రబ్బరు తిత్తితో, కథ మొదలుపెడతారు. పేటెంటు కాగితాన్ని పక్కన పెట్టి, రోడ్డు మీద బరువు మోసిన వస్తువునే లెక్కలోకి తీసుకుంటే రెండో వాదనకు బలం ఎక్కువ. జనరల్ మోటార్స్ 1953 నుంచి తన బస్సుల్లో గాలి సస్పెన్షన్ వాడింది. 1954లో వచ్చిన గ్రేహౌండ్ సీనిక్రూజర్ బస్సుతో దానికి పేరొచ్చింది. జనరల్ మోటార్సే 1958 మోడల్ కార్లకు దీన్ని ఐచ్ఛికంగా ఇస్తే లీకుల బాధ పడలేక చాలామంది యజమానులు మామూలు కాయిల్ స్ప్రింగులకు మారిపోయారు.

మోటార్‌హోమ్‌లలో బాగా ప్రసిద్ధమైన ఉదాహరణ జీఎంసీ మోటార్‌హోమ్. దాని కాలాన్ని 1973–78గా చెబుతారు. తొలి ప్రదర్శన 1972లోనే జరగడం వల్ల కొన్నిచోట్ల ఆ ఏడాది కనిపిస్తుంది గానీ, మోడల్ సంవత్సరాన్ని బట్టి 1973 అనడమే సబబు. మొత్తం సుమారు 13 వేల వాహనాలు తయారయ్యాయి.

నిర్మాణం

జీఎంసీలో వెనుక ఒక్కో పక్క రెండేసి చక్రాలు ఒకదాని వెనుక ఒకటి ఉంటాయి. ఆ రెండింటినీ మోసే ఇనుప చేతుల మధ్య ఒకే తిత్తి అడ్డంగా పడుకుని ఉంటుంది. అది ఖాళీ అయితే వెనుక ఆ పక్కంతా కిందికి దిగిపోతుంది. గాలినిచ్చేది బ్యాటరీతో నడిచే చిన్న కంప్రెసర్. బ్రేకులు హైడ్రాలిక్ కాబట్టి సస్పెన్షన్ లీకు వాటిని తాకదు. ఆగిన బండిలో కంప్రెసర్ మాటిమాటికీ తనంతట తాను మొదలవడం ఇందులో లీకుకు తొలి సూచన. పట్టించుకోకపోతే బ్యాటరీ దిగిపోతుంది, చివరికి కంప్రెసరే కాలిపోవచ్చు.

వెనుక డీజిల్ ఇంజన్ ఉండే పెద్ద మోటార్‌హోమ్‌ల పద్ధతి వేరు. ఇంజన్ కంప్రెసర్ నింపే ట్యాంకుల గాలినే బ్రేకులూ సస్పెన్షనూ పంచుకుంటాయి. సస్పెన్షన్ వైపు గాలి పోయినా బ్రేకులకు లోటు రాకుండా మధ్యలో ప్రెషర్ ప్రొటెక్షన్ వాల్వు ఉంటుంది. తిత్తులు సాధారణంగా 4 నుంచి 8. వెనుక అదనంగా ట్యాగ్ యాక్సిల్ ఉంటే ఇంకా ఎక్కువ. వీటి ఎత్తును చాలా బండ్లలో మూడు లెవెలింగ్ వాల్వులు చూసుకుంటాయి. ఒక యాక్సిల్‌కు రెండు, మరో యాక్సిల్‌కు ఒకటి. ఒకే వాల్వు మీద నడిచే రెండు తిత్తులు లోలోపల కలిసి ఉంటాయి కాబట్టి, ఒకదానికి చిల్లుపడినా రెండు పక్కలూ కలిసే కుంగుతాయి. ఏ పక్క లోపమో చూపుతో తేల్చలేం.

మన దగ్గర 2001 తర్వాత వచ్చిన వోల్వో బస్సుల్లోనూ, ఆర్టీసీ గరుడ సర్వీసుల్లో తిరిగిన వాటితో సహా, ఇదే ఏర్పాటు. ఇక్కడి మెకానిక్‌ల వాడుకలో ఇవి బెలోలు.

గేజి, ఎత్తు

తిత్తి లోపలి పీడనాన్ని నిర్ణయించేది దాని మీద పడే బరువు. కొంత గాలి పోతే తిత్తి కుంగుతుంది; మిగిలిన గాలి దాదాపు అదే పీడనంతో బరువును మోస్తూనే ఉంటుంది. బండి బంప్ స్టాప్‌ల మీద కూర్చున్నాకే పీడనం గట్టిగా పడిపోతుంది. కాబట్టి తిత్తి లీకుకు గేజి కన్నా కొలత టేపే నమ్మదగిన సాక్షి. చక్రం మధ్య నుంచి ఫెండరు అంచుకు నాలుగు మూలలా రాత్రి కొలిచి, ఉదయం మళ్లీ కొలవాలి.

ట్యాంకు గేజిని చదవడంలోనూ ఒక చిక్కుంది. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద 100 పీఎస్‌ఐ చూపిన ట్యాంకు సున్నా డిగ్రీలకు చల్లబడితే, రవ్వంత గాలి పోకపోయినా ముల్లు దాదాపు 89కి దిగుతుంది. అమెరికా వాణిజ్య డ్రైవింగ్ లైసెన్సు పరీక్షలో సింగిల్ వాహనానికి, ఇంజన్ ఆపి బ్రేకులు వదిలిన స్థితిలో, నిమిషానికి 2 పీఎస్‌ఐ వరకు నష్టాన్ని అనుమతిస్తారు. కొందరు యజమానులు దీన్నే సస్పెన్షన్‌కూ ప్రమాణంగా చెప్పుకుంటారు. బ్రేకుల కోసం పెట్టిన ఆ హద్దు రాత్రంతా నిలబడాల్సిన బండికి మరీ ఉదారమైనది.

లీకు పట్టుకోవడం

గాలి మీద మాత్రమే నిలిచిన బండి కిందికి దూరడం ప్రాణాంతకం. తిత్తి ఒక్కసారిగా ఖాళీ అయితే ఛాసిస్ క్షణంలో కిందికి పడుతుంది. చక్రాలకు అడ్డుకట్టలు వేసి, ఛాసిస్ కింద తగిన బరువు మోసే స్టాండ్లు పెట్టాకే పని మొదలుపెట్టాలి. జాకీని నమ్ముకోకూడదు. ఏ జాయింటునైనా ఊడదీసే ముందు ఆ లైనులో గాలి పూర్తిగా తీసేయాలి.

సబ్బునీళ్ల పరీక్ష పాతదే అయినా ఇప్పటికీ మొదటిది. గిన్నెలు తోమే సబ్బును పలచగా కలిపి, ఫిట్టింగులు, వాల్వు, తిత్తి పై పళ్లెం అంచు, అడుగున రబ్బరు మడతపడే చోటు వరుసగా తడపాలి. అమోనియా కలిసిన ద్రావణాలు పనికిరావు; అవి ఇత్తడిలో పగుళ్లు తెస్తాయి. చిన్న లీకు వెంటనే బుడగ కట్టదు, కొన్ని నిమిషాలకు తెల్లటి సన్న నురుగుగా తేలుతుంది.

నురుగుకూ చిక్కని లీకును విడగొట్టి పట్టుకోవాలి. తిత్తి మూతి దగ్గర లైను విప్పి, అక్కడ ట్యూబ్ వాల్వు ఉన్న ప్లగ్గు బిగించి, గాలి నింపి రాత్రంతా వదిలేయాలి. ఎత్తు తగ్గితే తప్పు తిత్తిది లేదా ఆ ప్లగ్గుది. నిలబడితే లైనులోనో వాల్వులోనో వెతకాలి.

మరమ్మతు

నైలాన్ గొట్టాన్ని గుచ్చి బిగించే పుష్ ఫిట్టింగులు తరచుగా కారుతాయి. గొట్టాన్ని కటింగ్ ప్లయరుతో కోస్తే కొన నొక్కుకుని కోలగా అవుతుంది, లోపలి ఓరింగు మీద సరిగా కూర్చోదు. గీతలు పడ్డ కొనను ఓ 12 మిల్లీమీటర్ల మేర గొట్టం కట్టరుతో నిటారుగా కోసి, తగిలేదాకా లోపలికి నెట్టి, వెనక్కి లాగి చూస్తే చాలాసార్లు ఖర్చు లేకుండానే పని అయిపోతుంది. మరలు తిప్పి బిగించే జాయింట్లకు టెఫ్లాన్ టేపా, సీలెంటు పేస్టా అన్నది పాత వివాదం. టేపు పోగులు విడిపోయి వాల్వు సన్నని రంధ్రాల్లో ఇరుక్కునే ప్రమాదం ఉంది కాబట్టి పేస్టే మేలనిపిస్తుంది.

లెవెలింగ్ వాల్వు నుంచి గాలి రావడం ఎప్పుడూ లోపం కాదు. బండి ఎత్తు ఎక్కువైనప్పుడు అది గాలిని వదలాలి. లింకు విప్పి వాల్వు చేతిని తటస్థ స్థానంలో పెట్టినా బయటి రంధ్రం నుంచి గాలి ఆగకపోతే వాల్వు సీటులో చెత్తో తేమో చేరినట్టు. గాలిలోని తేమను తీసే ఎయిర్ డ్రైయర్ పాడైన బండిలో కొత్త వాల్వు కూడా త్వరగానే అదే దారి పడుతుంది.

తిత్తికి సైకిల్ ట్యూబుకు వేసినట్టు ప్యాచీ వేయడం కుదరదు. ప్రతి గతుకుకూ మడతపడే రబ్బరు మీద అది నిలవదు. పైపైన సన్నని గీతలు కనిపించినంత మాత్రాన మార్చనక్కర్లేదని ఒక అభిప్రాయం ఉంది. గీత లోతుగా దిగి లోపలి నైలాన్ దారాలు కనిపిస్తే మాత్రం చర్చకు తావులేదు. ఒకే వయసు రబ్బరు ఒకేలా ముదురుతుంది కాబట్టి యాక్సిల్‌కు రెండూ కలిపి మార్చడం వాడుక. కొత్తదాన్ని బండికి బిగించకుండా గాలి నింపి చూడకూడదు, అదుపులేక పగలవచ్చు. బిగించాక బండి ఎత్తును తయారీదారు చెప్పిన కొలతకు సరిచేసి, తిత్తి పక్కనున్న గొట్టాలకో ఇనుముకో ఒరుసుకోవడం లేదని చూసుకోవాలి. పాత తిత్తి చిల్లుపడింది అలా ఒరుసుకునే అయితే, కారణం తొలగించకుండా వేసిన కొత్తది కూడా అక్కడే చిరుగుతుంది.