దండు వెంట నడచిన ధాన్యము

మోర్తాడ్ మొదలు బోధను వరకు ఇందూరు సీమలో లంబాడీ తండాలు పెక్కు గలవు. ఒకప్పుడు దక్కను సైన్యముల తిండిగింజలు వీరి పూర్వుల యెద్దుల వీపులమీదనే నడచినవి.

బంజారాలు సిపాయీలు కారు. ధాన్యము, ఉప్పు కొని, దండు విడిసిన చోటికి తోలుకొనిపోయి అమ్ముకొను స్వతంత్ర వర్తకులు. పదివేలు, పండ్రెండువేలు ఎద్దులుగల బిడారులను గూర్చి పదునేడవ శతాబ్దపు ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియే వ్రాసెను. 1791లో కారన్‌వాలిసు శ్రీరంగపట్టణము దాక వెళ్ళియు, పశువులు చచ్చి, తిండి కరవై, పెద్ద ఫిరంగులను తానే పగులగొట్టి మరలెను. 1792లో అదే కోటను ముట్టడించినప్పుడు బంజారాల ధాన్యము దండును నిలిపినది.

తరువాత సైన్యములో సరఫరాకు ప్రత్యేకశాఖలు, క్రొత్త కొలువులు ఏర్పడెను, రైళ్ళు వచ్చెను. బంజారాలకు బ్రతుకుతెరువు పోయెను. 1871 నాటి నేరస్థ జాతుల చట్టము క్రింద కొన్ని బ్రిటిషు ప్రాంతములలో వీరినే చేర్చిరి! ఆ చట్టము 1952లో రద్దయ్యెను. తెలంగాణ లంబాడీలకు 1976లో షెడ్యూల్డు తెగల గుర్తింపు లభించెను.

సిపాయికి పేరుపట్టిక ఉండెను. అంగవైకల్యము కలిగినచో పింఛను ఉండెను. సరకు తోలినవానికి బేరము తీరుటతోనే ఋణము తీరెను. నేడును పెక్కుదేశముల సైన్యములు వంట, రవాణా, మరమ్మతు పనులను గుత్తదారులకు అప్పగించుచున్నవి. యుద్ధము ముగిసిన పిదప వారి మంచిచెడ్డలు చూచువారెవరు? తండాల చరిత్ర అడుగు ప్రశ్న ఇదియే.