బాలింత సంరక్షణ

బాలింత అనగా ఇటీవల ప్రసవించిన స్త్రీ. ప్రసవమైన నాటి నుండి ఆరు వారాల (42 రోజుల) కాలాన్ని వైద్యశాస్త్రంలో సూతికా కాలం అందురు. ప్రసవ సమయంలో సుమారు ఒక కిలో బరువుండే గర్భాశయం ఈ ఆరు వారాలలో కుదించుకొని 100 గ్రాముల లోపునకు వచ్చును. తల్లుల మరణాలలో గణనీయమైన భాగం ప్రసవం తరువాతనే సంభవించును. ఇంటిల్లిపాది దృష్టి శిశువుపై ఉండే ఈ రోజులలో తల్లి తన శరీరాన్ని తానే గమనించుకొనుట, తన బాధను దాచకుండా చెప్పుట అత్యవసరము.

జహీరాబాద్ ప్రాంతపు ఆచారాలు

జహీరాబాద్ సంగారెడ్డి జిల్లాలో (2016 వరకు మెదక్ జిల్లా) కర్ణాటక సరిహద్దున, బీదరుకు సమీపంలో ఉన్న పట్టణం. తెలుగు, ఉర్దూ, కన్నడం, లంబాడీ మాట్లాడే కుటుంబాలు ఈ ప్రాంతంలో కలవు. తెలుగు కుటుంబాలలో తొలి కాన్పు సాధారణంగా పుట్టింట జరుగును. పురుడు ముగిసిన పిదప స్నానం, 21వ నాడు తొట్టెల వేడుక చేయుట వాడుక. ముస్లిం కుటుంబాలలో 40 రోజులు చిల్లా పాటింతురు. ఆచారాలు వేరైనను వీటన్నిటిలో ఉన్న మేలు ఒక్కటే: తల్లికి ఇంటిపని నుండి, పొలంపని నుండి విశ్రాంతి.

అయితే కొన్ని అలవాట్లు హాని చేయును.

* నీరు త్రాగిన పొట్ట పెరుగునని భావించి బాలింతకు నీరు తగ్గింతురు. చనుబాలలో సుమారు 87 శాతం నీరే. నీరు చాలనిచో మలబద్ధకం, మూత్రసంబంధ వ్యాధులు కలుగును.
* పథ్యం పేరిట కూరగాయలు, పండ్లు, పప్పు మాన్పించుట వలన రక్తహీనత ముదురును.
* మూసిన గదిలో నిప్పుల కుంపటి ఉంచుట వలన విషవాయువు చేరి తల్లీబిడ్డలకు ప్రాణాపాయం కలుగవచ్చును.
* సిజేరియన్ కుట్లపై నడికట్టు బిగించరాదు. వైద్యులను అడిగిన పిదపనే వాడవలెను.

శొంఠి, వెల్లుల్లి, మెంతులు మితంగా ఆహారంలో వాడుకొనవచ్చును. అవి భోజనానికి తోడు మాత్రమే, బదులు కావు.

ఆహారం

భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన ప్రమాణాల ప్రకారం పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకు 600 కిలోకాలరీలు అదనంగా కావలెను. జహీరాబాద్ ప్రాంతం చిరుధాన్యాలకు ప్రసిద్ధి. పస్తాపూర్ కేంద్రంగా 1983లో ఆరంభమైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన మహిళా సంఘాలు జొన్న, సజ్జ, కొర్ర, పప్పుధాన్యాలను కలిపి పండించే పద్ధతిని కాపాడినవి. 100 గ్రాముల రాగులలో (తైదలలో) సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉండును. కావున బాలింత ఆహారానికి దూరం వెదకనక్కరలేదు. జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర, తైద అంబలి, పాలు, గుడ్డు చాలును. పాలిచ్చిన ప్రతిసారి ఒక గ్లాసు నీరు త్రాగుట మంచిది.

ప్రసవం తరువాత 180 రోజులు ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రలు, కాల్షియం మాత్రలు వైద్యుల సూచనపై వాడవలెను. ఈ రెండు రకాల మాత్రలను ఒకేసారి మింగరాదు. కాల్షియం ఇనుమును శరీరం గ్రహించుటకు అడ్డుపడును.

విశ్రాంతి, పరిశుభ్రత

* శిశువు నిద్రించినప్పుడు తల్లి కూడ నిద్రింపవలెను.
* పూర్తిగా మంచముపైనే ఉండరాదు. కొద్దికొద్దిగా నడచుట వలన కాళ్ళలో రక్తం గడ్డకట్టదు.
* ఆరు వారాల వరకు శిశువు కంటె బరువైన వస్తువులు ఎత్తరాదు. నీళ్ళబిందె మోయరాదు.
* స్రావానికి శుభ్రమైన ప్యాడ్లు వాడవలెను. గుడ్డలు వాడినచో సబ్బుతో ఉతికి ఎండలో ఆరవేయవలెను.
* మరుగుదొడ్డికి వెళ్ళి వచ్చిన పిదప, శిశువును తాకుటకు ముందు చేతులు కడుగుకొనవలెను.

మనసు

ప్రసవమైన కొద్ది రోజులకు కారణం లేకుండ ఏడుపు వచ్చుట సామాన్యం. ఇది సుమారు రెండు వారాలలో తగ్గును. తగ్గక నిద్ర పట్టకపోయినను, శిశువుపై ఆసక్తి లేకపోయినను, చనిపోవలెనను తలంపు కలిగినను అది వ్యాధి. గాలి సోకుట కాదు, తల్లి తప్పు కాదు. ఆడపిల్ల పుట్టినదని నిందించుట ఈ బాధను పెంచును. 2022లో ఆరంభమైన టెలీ మానస్ సేవను 14416 సంఖ్యపై ఉచితంగా సంప్రదింపవచ్చును.

ప్రమాద సూచనలు

క్రింది లక్షణాలలో ఏ ఒక్కటి కనిపించినను పురుడు, చిల్లా ముగియువరకు వేచియుండక 108కి ఫోను చేసి ఆసుపత్రికి వెళ్ళవలెను.

* గంటలో ఒక ప్యాడ్ పూర్తిగా తడియునంత రక్తస్రావం
* 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ లేక అంతకు మించిన జ్వరం, దుర్వాసన గల స్రావం
* తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారుట, మూర్ఛ
* ఒక కాలి పిక్కలో నొప్పి, వాపు, ఆయాసం
* కుట్ల వద్ద చీము, రొమ్ములో గడ్డ, ఎరుపు

పరీక్షలు

ఆసుపత్రిలో ప్రసవమైన తల్లి ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజులలో రావలెనని నియమం. ఆ సమయంలో శిశువును మాత్రమే గాక తన్ను కూడ చూడుమని తల్లి అడుగవచ్చును. ఆరవ వారంలో రక్తపోటు, రక్తహీనత, కుట్లు పరీక్ష చేయించుకొని, తదుపరి గర్భం ఎంత ఎడంగా ఉండవలెనో వైద్యులతో మాట్లాడుట మంచిది.

ఇవి కూడా చూడండి

* చనుబాలు
* రక్తహీనత
* చిరుధాన్యాలు
* జహీరాబాద్