హైదరాబాద్ రాజ్య తపాలా బిళ్ళలు: పునర్ముద్రణలు, నకిలీలు

నిజాంల ఏలుబడిలోని హైదరాబాద్ రాజ్యం 1869 నుంచి 1950 దాకా సొంత తపాలా బిళ్ళలు వాడింది. వీటిలో తొలి మూడింటిని ఆ తరువాత మళ్ళీ అచ్చువేశారు. ప్రభుత్వ ఉత్తరాల కోసం ‘సర్కారీ’ ముద్ర వేసిన బిళ్ళలకు దొంగ ముద్రలు విస్తారంగా పుట్టాయి. అందుకే ఈ రాజ్యపు పాత బిళ్ళలను కొనేటప్పుడు సేకర్తలు అచ్చును, కాగితాన్ని, రంధ్రాలను విడివిడిగా పరీక్షిస్తారు.

రకాలు

అసలు ప్లేటుతోనే, అయితే తపాలా అవసరానికి కాకుండా, తరువాత అచ్చువేసినది పునర్ముద్రణ. కొత్తగా ప్లేటు తయారుచేసి అచ్చువేసినది నకిలీ. అసలు బిళ్ళకే దొంగ ముద్ర వేయడం, రంధ్రాలు మార్చడం, పాత ముద్రను రసాయనాలతో కడిగివేయడం వంటివి మార్పిడి కిందికి వస్తాయి. ఎన్నడూ వెలువడని బిళ్ళను ఊహించి అచ్చువేస్తే అది బోగస్. హైదరాబాద్ బిళ్ళల విషయంలో చిక్కంతా ప్రధానంగా పునర్ముద్రణ, దొంగ ముద్రలతోనే.

తొలి బిళ్ళలు

మొదటి సాలార్ జంగ్ దివానుగా ఉండగా 1869 సెప్టెంబరు 8న ఒక అణా బిళ్ళ వెలువడింది. దాని ప్లేటును లండన్‌లోని నిస్సెన్ అండ్ పార్కర్ సంస్థ తయారుచేసింది. 1870 మే 16న అర్ధణా, రెండణాల బిళ్ళలు వచ్చాయి. వీటిని స్థానికంగా చెక్కారు. ప్లేటులోని 240 బిళ్ళలనూ ఒక్కొక్కటిగా చేత్తో చెక్కడంతో ఏ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు. రెండు బిళ్ళల మధ్య గీతల్లో తేడా కనబడినంత మాత్రాన వాటిలో ఒకటి నకిలీ అనుకోవడానికి ఇక్కడ వీల్లేదు. ఆ బిళ్ళ ప్లేటులో ఏ స్థానానిదో తేల్చాకే తీర్పు చెప్పాలి. 1871లో మొదలైన తరువాతి వరుసకు లండన్‌లోని బ్రాడ్‌బరీ విల్కిన్సన్ సంస్థ ప్లేట్లు సమకూర్చింది.

పునర్ముద్రణలు

తొలి మూడు బిళ్ళలనూ 1880 ప్రాంతంలో తెల్లని, గీతలు లేని కాగితంపై మళ్ళీ అచ్చువేశారు. బొమ్మను చూసి వీటిని వేరుచేయడం కష్టం. పట్టించేవి రంధ్రాలే. తపాలాకు వాడిన అసలు బిళ్ళల అంచున రెండు సెంటీమీటర్ల పొడవులో పదకొండున్నర రంధ్రాలుంటే, పునర్ముద్రణల్లో పన్నెండున్నర ఉంటాయి. అయితే ఈ కొలత తొలి మూడింటికే పనికొస్తుంది. 1871 వరుసలోని అసలు బిళ్ళల్లో పన్నెండున్నర రంధ్రాలున్నవి మామూలే.

‘సర్కారీ’ ముద్రలు

అధికారిక ఉత్తరాల కోసం 1873 నుంచి బిళ్ళలపై ‘సర్కారీ’ అని ఉర్దూ లిపిలో ముద్ర వేశారు. దీన్ని అనుకరించిన దొంగ ముద్రలు ఎరుపు ఛాయల్లో, మెజెంటాలో, నలుపులో, అడ్డంగానూ నిలువుగానూ కనిపిస్తాయి. వీటిని అసలు బిళ్ళలపైనా వేశారు, పునర్ముద్రణలపైనా వేశారు. పునర్ముద్రణపై ముద్ర ఉంటే మోసం తేలిగ్గా బయటపడుతుంది. అసలు బిళ్ళపై ఉంటే కాగితం, రంధ్రాలు, రంగు అన్నీ సరిగానే ఉంటాయి. అప్పుడు అక్షరాల ఒంపు, సిరా రంగు, తపాలా కార్యాలయపు రద్దు ముద్రకు పైన సర్కారీ ముద్ర ఉందా, కింద ఉందా అన్నవి చూడాలి. రద్దు ముద్ర మీద సర్కారీ ముద్ర పడితే, బిళ్ళ రద్దయిన తరువాత దాన్ని వేశారన్నమాట.

ఇతర సంస్థానాలు

ఈ బెడద హైదరాబాద్ ఒక్కదానిదే కాదు. పంజాబులోని ఫరీద్‌కోట్ 1887లో బ్రిటిష్ ఇండియా తపాలాతో ఒప్పందంలో చేరింది. దాని సొంత బిళ్ళలు మాత్రం తపాలాలో ఎన్నడూ నడవని రంగుల్లో సేకర్తలకు చేరాయి. ఐరోపాలో జెనీవాకు చెందిన ఫ్రాంస్వా ఫోర్నియే ప్రపంచ దేశాల బిళ్ళలకు నకళ్ళు చేసి బాహాటంగానే అమ్మాడు. 1917లో ఆయన మరణించాక మిగిలిన సరుకును జెనీవా ఫిలాటెలిక్ సంఘం కొని, గుర్తింపు కోసం 1928లో ఆల్బమ్‌లుగా కూర్చింది.

చట్టం, ధ్రువీకరణ

కల్పిత తపాలా బిళ్ళల తయారీని, అమ్మకాన్ని నిషేధిస్తూ భారత శిక్షాస్మృతిలో 1895లో 263ఎ సెక్షన్ చేర్చారు. దాని పరిధిలోకి విదేశీ బిళ్ళలు కూడా వచ్చేవి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 186వ సెక్షన్ దానికి సమానం. విలువైన బిళ్ళలను నిపుణుల సంఘాలకు పంపి ధ్రువపత్రం తీసుకోవడం ఆనవాయితీ. లండన్‌లోని రాయల్ ఫిలాటెలిక్ సొసైటీ నిపుణుల సంఘం 1894 నుంచి ఈ పని చేస్తోంది.

వినియోగం ముగింపు

1931లో చార్మినార్, హైకోర్టు, ఉస్మాన్‌సాగర్ బొమ్మలతో వచ్చిన వరుస, 1937 రజతోత్సవ వరుస చవకగానే దొరుకుతాయి కాబట్టి మోసగాళ్ళకు వాటితో పెద్దగా లాభం లేదు. 1950 ఏప్రిల్ 1న రాజ్య తపాలా వ్యవస్థ భారత తపాలాలో కలిసింది. హైదరాబాద్‌లోని అబిడ్స్ జనరల్ పోస్టాఫీసులోని ఫిలాటెలిక్ బ్యూరో అమ్మేది భారత తపాలా శాఖ బిళ్ళలే. నగరంలోని ఏ సేకర్తకైనా నిజాం కాలపు బిళ్ళలు కావాలంటే ప్రైవేటు వర్తకులో, వేలాలో, పాత ఉత్తరాల కట్టలో దిక్కు.