కోరిక: స్కాండినేవియా భాషల్లో ఒకే మూలం, వేర్వేరు బరువులు

స్వీడన్, నార్వే, డెన్మార్క్ వాసులు ఒకరి భాషను మరొకరు చాలావరకు అర్థం చేసుకోగలరు. కానీ కోరికను చెప్పే మాటల దగ్గర ఆ పోలికే తికమక పెడుతుంది. టెనెసీ విలియమ్స్ 1947లో రాసిన ‘ఎ స్ట్రీట్‌కార్ నేమ్డ్ డిజైర్’ నాటకమే ఉదాహరణ. స్వీడిష్‌లో అది ‘లిన్యె లుస్తా’ అయింది. 1949లో ఇంగ్మార్ బెర్గ్‌మన్ గోథెన్‌బర్గ్‌లో దాన్ని ఆ పేరుతోనే ప్రదర్శించారు. నార్వేలో ‘డిజైర్’ను ‘బెయేర్’ అన్నారు. డేనిష్ శీర్షికలో కోరిక అన్న మాటే లేదు. ‘స్వర్గానికి బండి మారడం’ అని దాని అర్థం.

లుస్త్, లుస్తా
‘సినిమాకు వెళ్లాలని ఉందా?’ అని అడగడానికి స్వీడిష్‌లో వాడే ‘లుస్త్’ రోజువారీ మాట. డేనిష్, నార్వేజియన్ భాషల్లో దీని జోడీ ‘ల్యుస్త్’. ఇంగ్లిష్ ‘లస్ట్’ కూడా వీటికి చుట్టమే కానీ, వీటికి ఆ మాటలోని కాముకత అంటలేదు. స్వీడిష్‌లో నవ్వు పుట్టించే వాయువు పేరు ‘లుస్త్‌గాస్’. అదే మాటకు చివర ‘ఆ’ చేరి ‘లుస్తా’ అయితే మాత్రం అర్థం కామవాంఛ వైపు మళ్లుతుంది.

బెయేర్
హాన్సా వర్తకుల కాలంలో ఉత్తర జర్మనీ భాష నుంచి వచ్చిన మాట ఇది. డేనిష్‌లో ‘బెగేర్’. పరుల సొత్తును ఆశించవద్దనే బైబిల్ పదో ఆజ్ఞలో ఉన్నది ఈ మాటే. అయితే దీని నుంచే పుట్టిన స్వీడిష్ ‘బెయేరన్’కు వినతి అని, నార్వేజియన్ ‘బెయేరింగ్’కు కోర్టులో వేసే దరఖాస్తు అని అర్థం. మన ‘కోరిక’ మనసులో ఉంటే, ‘కోరుచున్నాను’ అర్జీలో ఉన్నట్టే.

కోత్, కోద్, కౌతుర్
అసలు ప్రమాదం ఇక్కడుంది. పాత నార్స్ భాషలో ఉల్లాసాన్ని సూచించిన పదం ఐస్‌లాండ్‌లో ‘కౌతుర్’గా నేటికీ ఆ అర్థంలోనే ఉంది. డేనిష్ ‘కోద్’ అంటే అల్లరిగా, హుషారుగా అని. స్వీడిష్, నార్వేజియన్ ‘కోత్’ మాత్రం నేడు లైంగిక ఉద్రేకాన్ని చెప్పే మోటు మాట.

చట్టం ఏ మాట ఎంచుకుంది?
వీటిలో ఏదీ కాదు. 2018 జులై 1న అమల్లోకి వచ్చిన స్వీడన్ అత్యాచార చట్టం ‘స్వచ్ఛందంగా పాల్గొనడం’ అంటుంది. 2021 నాటి డెన్మార్క్ చట్టం ‘సమ్మతి’ అంటుంది. అవతలి మనిషికి కోరిక ఉందా అన్నది కాదు, ఒప్పుకున్నారా అన్నదే అక్కడ ప్రశ్న.